సమానత్వం, మానవ హక్కుల రంగంలో రీసెర్చ్ అనలిస్ట్: అసలు పని ఎలా ఉంటుంది?

తొలకరి

అందరికీ నమస్కారం. కొన్నేళ్లుగా మార్కెట్ రీసెర్చ్‌లో ఉన్నాను. ప్రశ్నావళి రాయడం, శాంపిల్ తీయడం, పట్టికలు వేసి నివేదిక ఇవ్వడం చేతికి అలవాటైన పనులే. ఇప్పుడు సమానత్వం, మానవ హక్కుల మీద పనిచేసే ఒక సంస్థలో రీసెర్చ్ అనలిస్ట్‌గా చేరబోతున్నాను. ఇంటర్వ్యూలో అడిగిన ఒక ప్రశ్న ఇంకా బుర్రలో తిరుగుతోంది: "ఒక ఎంపికలో ఒక వర్గం వాళ్లు తక్కువ శాతం నెగ్గారు. దాన్ని వివక్ష అని ఎప్పుడు రాస్తారు, ఎప్పుడు రాయరు?"

ఈ రంగంలో ఉన్నవాళ్లను అడగాలనుకుంటున్నాను. రోజువారీ పని ఎలా ఉంటుంది? చట్టం ఎంత తెలియాలి? అన్నిటికన్నా ముఖ్యంగా, "మీరు ముందే ఒక పక్షాన నిలబడి లెక్కలు వేస్తున్నారు" అని ఎవరైనా అంటే ఏం జవాబు చెప్పాలి?

పాతలెక్కలు

తొలకరి గారూ, స్వాగతం. ఆ ప్రశ్న అడిగినవాళ్లు పని తెలిసినవాళ్లు.

రోజులో ఎక్కువ భాగం ఎవరో ఇంకేదో అవసరానికి సేకరించిన డేటా మన ప్రశ్నకు పనికొస్తుందా అని తేల్చుకోవడంతోనే గడుస్తుంది. జనాభా లెక్కలు, కార్మిక సర్వేలు, ఆసుపత్రి రికార్డులు, ఫిర్యాదుల రిజిస్టర్లు, ఇవేవీ వివక్షను కొలవడానికి పుట్టినవి కావు. ఫిర్యాదులు తక్కువ ఉన్నచోట అన్యాయం తక్కువని అనుకోవడానికి లేదు. ఫిర్యాదు చేస్తే ఏమైనా జరుగుతుందన్న నమ్మకం పోయినచోట కూడా రిజిస్టరు ఖాళీగానే ఉంటుంది. అదే విభాగం మరుసటి ఏడాది బాగా పనిచేయడం మొదలుపెడితే ఫిర్యాదుల సంఖ్య పైకి లేస్తుంది. ఆ గీత చూసి పరిస్థితి దిగజారిందని రాసినవాళ్లున్నారు. కాబట్టి అంకె దొరగ్గానే దాన్ని ఎవరు, ఎందుకు, ఎవరిని అడిగి రాసుకున్నారో వెతకండి. ఆ వెతుకులాటకే ఎక్కువ సమయం పోతుంది, పోనివ్వండి.

ఇక మీ ఇంటర్వ్యూ ప్రశ్న. 1973లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో పీజీ ప్రవేశాల లెక్క తీస్తే, దరఖాస్తు చేసిన మగవాళ్లలో సుమారు 44 శాతానికి, ఆడవాళ్లలో సుమారు 35 శాతానికి సీటు వచ్చింది. చూడగానే వివక్ష అనిపిస్తుంది. శాఖల వారీగా విడదీసి చూస్తే ఆ తేడా చాలావరకు మాయమైంది, కొన్ని శాఖల్లో ఆడవాళ్లకే కాస్త మొగ్గు కనిపించింది. ఆడవాళ్లు ఎక్కువగా దరఖాస్తు చేసిన శాఖల్లో ఎవరికైనా సీటు దొరకడమే కష్టం. బికెల్, హామెల్, ఓకానెల్ అనే ముగ్గురు 1975లో సైన్స్ పత్రికలో ఈ విశ్లేషణ ప్రచురించారు. మొత్తం శాతం ఒక్కటే పట్టుకుని తీర్పు రాయకూడదని మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకు మొదట చూపించే ఉదాహరణ ఇదే.

న్యాయరేఖ

పాతలెక్కలు గారితో సగం ఏకీభవిస్తాను. ఈ బర్క్‌లీ కథను చాలామంది "చూశారా, వివక్ష లేదు" అని అక్కడే ఆపేస్తారు. ఆ రచయితలు అక్కడ ఆపలేదు. పెంపకం, చదువు కలిసి ఆడవాళ్లను పోటీ ఎక్కువ, నిధులు తక్కువ ఉన్న శాఖల వైపు నెడుతున్నాయని అదే వ్యాసంలో రాశారు. అంటే సమస్య ప్రవేశాల కమిటీ గదిలోంచి ఇంకా వెనక్కి జరిగిందే కానీ లేకుండా పోలేదు. హక్కుల రంగంలో పనిచేసేవాళ్లు ఆ వెనక్కి జరిగిన చోటిదాకా వెళ్లాలి.

జీతాల విషయంలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. "హోదా, అనుభవం, విభాగం లెక్కలోకి తీసుకున్నాక ఆడవాళ్లకూ మగవాళ్లకూ జీతంలో తేడా లేదు" అని ఒక కంపెనీ నివేదిక ఇస్తుంది. పదోన్నతుల్లోనే వివక్ష ఉంటే? అప్పుడు హోదాను లెక్కలోకి తీసుకోవడమంటే వివక్ష ఫలితాన్నే వివరణగా వాడుకోవడం. ఏ అంశాన్ని లెక్కలోకి తీసుకుని తేడాను సరిచేశామో, దేన్ని తీసుకోకుండా వదిలామో, ఎందుకో, ఈ మూడూ నివేదికలో ఉండాలి. నేనైతే సరిచేయని తేడా, సరిచేసిన తేడా రెండూ పక్కపక్కనే ఇవ్వకపోతే ఆ చిత్తుప్రతి వెనక్కి పంపిస్తాను.

చట్టం ఎంత తెలియాలి అన్నారు. లాయరంత అక్కర్లేదు. కానీ ప్రత్యక్ష వివక్షకూ పరోక్ష వివక్షకూ తేడా మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. మొదటిది, ఫలానా వర్గం కాబట్టి తీసుకోను అనడం. రెండోది, అందరికీ ఒకటే అని పెట్టిన నిబంధన ఒక వర్గాన్ని ఎక్కువగా దెబ్బకొట్టడం, ఆ నిబంధనకు తగిన కారణం లేకపోవడం. 1971లో అమెరికా సుప్రీంకోర్టు గ్రిగ్స్ వర్సెస్ డ్యూక్ పవర్ కేసులో చెప్పింది ఈ రెండో దాని గురించే. ఆ కంపెనీ హైస్కూలు సర్టిఫికెట్ కావాలంది, కొన్ని పరీక్షలు పెట్టింది. అవి ఆ పనికి అవసరమని చూపలేకపోయింది, నల్లజాతివారిని మాత్రం పెద్ద సంఖ్యలో బయట ఉంచాయి. ఉద్దేశం ఏమిటన్నది కాదు, ఫలితం ఏమిటన్నది చూడాలని కోర్టు అంది. మన లెక్కలకు కోర్టులో విలువ వచ్చింది ఇలాంటి తీర్పుల వల్లే.

అమెరికాలోనే ఉద్యోగ ఎంపికల మీద ఇచ్చిన 1978 నాటి ప్రభుత్వ మార్గదర్శకాల్లో "అయిదింట నాలుగు వంతుల" సూత్రం ఉంది. ఒక వర్గం నుంచి 100 మందిలో 60 మంది ఎంపికై, ఇంకో వర్గం నుంచి 100 మందిలో 40 మంది ఎంపికైతే, 40ని 60తో భాగిస్తే 0.67. అది 0.8 కన్నా తక్కువ కాబట్టి పరిశీలించాలి. పరిశీలించాలి అని మాత్రమే, వివక్ష రుజువైందని కాదు. మీ ఇంటర్వ్యూ ప్రశ్నకు సగం జవాబు ఇందులో ఉందనుకుంటున్నాను.

హారంలవం

ఆ సూత్రంలో ఒక ఇరుకు ఉంది, చెప్పాలి.

ఒక వర్గంలో 98 శాతం, ఇంకో వర్గంలో 96 శాతం పాసయ్యారనుకోండి. నిష్పత్తి 0.98. ఏ తేడా లేనట్టే. ఇప్పుడు ఫెయిలైనవాళ్లను చూడండి: 2 శాతం, 4 శాతం. రెట్టింపు! డేటా అదే, అడిగిన ప్రశ్న మారిందంతే. పని నుంచి తొలగింపు, బడి నుంచి పంపేయడం, జైలు, ప్రసూతి మరణాలు... ఇలా అరుదుగా జరిగే, జరిగితే జీవితం తలకిందులయ్యే విషయాల్లో రెండో వైపు నుంచి చూడకపోతే ఆ మనుషులు పట్టికలో కనిపించరు. అలాగని "రెట్టింపు" అన్న ఒక్క మాటతో శీర్షిక పెట్టడమూ సరి కాదు. నూటికి ఇద్దరు, నూటికి నలుగురు అని అసలు అంకెలూ ఇవ్వాలి. నిష్పత్తి, వ్యత్యాసం రెండూ ఇవ్వడం నా నియమం.

జీతాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. సమాన వేతనం వేరు, వేతన వ్యత్యాసం వేరు. ఒకే పనికి ఒకే జీతం ఇస్తున్నా, పెద్ద కుర్చీల్లో అందరూ మగవాళ్లే ఉంటే వ్యత్యాసం ఉంటుంది. బ్రిటన్‌లో 250 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు 2017 నుంచి ఈ వ్యత్యాసాన్ని సగటుగానూ, మధ్యగతంగానూ (జీతాలను వరుసలో పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చే అంకెతో) ప్రకటించాలి. రెండూ ఎందుకంటే, పైన కూర్చున్న కొద్దిమంది భారీ జీతాలు సగటును లాగేస్తాయి, మధ్యగతాన్ని అంతగా కదపలేవు. రెండు అంకెల మధ్య ఎడం ఎక్కువగా ఉంటే పైమెట్లు ఎవరి చేతిలో ఉన్నాయో చూడాలని అర్థం.

సూటిమాట

నేను ఈ రంగంలో లేను, గణాంకాలు చదివినవాడిని. ఒక సందేహం సూటిగా అడుగుతాను. సమానత్వ సంస్థలో కూర్చున్న విశ్లేషకుడికి అసమానత దొరకాలి. దొరకకపోతే సంస్థకు పనే లేదు. అలాంటప్పుడు ఆ పరిశోధనను బయటివాడు ఎందుకు నమ్మాలి? పైన మీరే చూపించారు, కోణం మారిస్తే అంకె అర్థం మారిపోతుందని.

పాతలెక్కలు

> ఆ పరిశోధనను బయటివాడు ఎందుకు నమ్మాలి?

సూటిమాట గారూ, అడగాల్సిన ప్రశ్నే. ఊరికే నమ్మమని నేను చెప్పను.

మొదట ఒకటి విడదీద్దాం. మనుషులందరికీ సమాన హక్కులున్నాయా అన్నది నేను లెక్క వేసి తేల్చే విషయం కాదు. 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన విశ్వజనీన మానవ హక్కుల ప్రకటన రెండో అధికరణంలోనే అది ఉంది. ఆ విషయంలో నేను తటస్థుడిని కాదు, కానక్కర్లేదు కూడా. రోగం మంచిదా చెడ్డదా అన్న విషయంలో వైద్యుడు తటస్థంగా ఉండడు కదా, అయినా పరీక్ష ఫలితాన్ని ఉన్నదున్నట్టే చదువుతాడు. ఫలానా చోట ఆ హక్కు అమలవుతోందా లేదా అన్నది మాత్రం డేటా తేల్చాలి. అక్కడ నా ఇష్టానికి చోటు లేదు.

దానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. డేటా తెరవకముందే విశ్లేషణ ప్రణాళిక రాసి తేదీతో భద్రపరచాలి: ఏ వర్గాలను పోలుస్తాం, ఏ కోణం నుంచి కొలుస్తాం, ఎంత తేడా వస్తే ముఖ్యమంటాం. హారంలవం గారు చెప్పిన పాస్, ఫెయిల్ ఎంపిక కూడా అందులోనే తేలిపోవాలి, ఫలితం చూశాక కాదు. తేడా దొరకని అధ్యయనాన్ని కూడా ప్రచురించాలి. నా దృష్టిలో ఒక సంస్థ నిజాయితీకి ఇదే గట్టి పరీక్ష. వాళ్ల వెబ్‌సైటులో "ఇక్కడ మాకు తేడా కనబడలేదు" అన్న నివేదిక ఒక్కటీ లేకపోతే నేనూ అనుమానిస్తాను.

న్యాయరేఖ

సంస్థల స్వతంత్రతకు కూడా కొలతలున్నాయి. 1993లో సర్వసభ్య సభ ఆమోదించిన పారిస్ సూత్రాల ప్రకారం జాతీయ మానవ హక్కుల సంస్థకు చట్టబద్ధమైన అధికారం, సొంత నిధులు, సభ్యుల్లో సమాజంలోని భిన్నత్వం ఉండాలి. ఆ లెక్కన పూర్తిగా సరిపోయినవాటికి 'ఎ' హోదా, కొంతవరకే సరిపోయినవాటికి 'బి' హోదా ఇస్తారు, మళ్లీ మళ్లీ సమీక్షిస్తారు. చేరబోయే సంస్థ ఏదైనా, దాని నిధులు ఎక్కడి నుంచి వస్తాయో, నివేదిక విడుదలకు ముందు ఎవరి సంతకం కావాలో తొలి వారంలోనే అడిగి తెలుసుకోండి, తొలకరి గారూ.

సూటిమాట

విశ్లేషణ ప్రణాళిక మాట బాగుంది, ఒప్పుకుంటాను. కానీ సర్వే డేటాలో కారణం తేల్చడం కష్టమన్న ఇబ్బంది అలాగే ఉంది. లెక్కలోకి రాని అంశం ఎప్పుడూ ఒకటి మిగిలిపోతుంది.

హారంలవం

అందుకే ప్రయోగాలు చేస్తారు. బెర్‌ట్రాండ్, ముల్లైనాథన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు బోస్టన్, షికాగో పత్రికల్లో వచ్చిన ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 కల్పిత రెజ్యూమెలు పంపారు. అర్హతలు సమానంగా పంచి, పేర్లు మాత్రం కొన్నిటికి తెల్లజాతివారివిగా, కొన్నిటికి నల్లజాతివారివిగా అనిపించేలా పెట్టారు. తెల్లజాతి పేర్లకు సుమారు 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. 2004లో ప్రచురించారు. పేరు ఎవరికి పడాలో పాచికలాగా యాదృచ్ఛికంగా నిర్ణయించారు కాబట్టి "లెక్కలోకి రాని అంశం" అన్న అభ్యంతరం ఇక్కడ నిలవదు.

పరిమితులూ ఉన్నాయి. ఇది పిలుపు దాకానే కొలుస్తుంది, జీతం, పదోన్నతి దాకా వెళ్లదు. పరిచయాల ద్వారా నిండిపోయే ఉద్యోగాలు ఇందులోకి రావు. యజమానులకు తెలియకుండా వాళ్ల సమయం వాడుకుంటున్నాం కాబట్టి నైతిక సమీక్ష సంఘం అనుమతి కావాలి. కానీ ఇల్లు అద్దెకివ్వడం, ఉద్యోగం లాంటి చోట్ల ఇంతకన్నా గట్టి సాక్ష్యం నేను చూడలేదు.

అడుగుజాడ

ఇంతసేపు లెక్కించేవాళ్లు మాట్లాడారు. లెక్కలోకి వచ్చే వైపు నుంచి నేను రాస్తాను. నేను వీల్‌చైర్ వాడతాను, వికలాంగుల సంఘాల తరఫున సర్వే రూపకల్పన కమిటీల్లో కూర్చుంటాను.

సర్వేలో "మీకు వైకల్యం ఉందా?" అని నేరుగా అడిగితే చాలామంది లేదంటారు. కొందరికి అది చెప్పుకోవడానికి నామోషీ, కొందరు తమకున్నది వయసుతో వచ్చిన ఇబ్బందే తప్ప వైకల్యం కాదనుకుంటారు. అందుకని ఐక్యరాజ్యసమితి గణాంక కమిషన్ కింద 2001లో ఏర్పడిన వాషింగ్టన్ గ్రూప్ వైకల్యం అన్న మాటే లేకుండా ఆరు ప్రశ్నలు రూపొందించింది: చూడటం, వినడం, నడవడం లేదా మెట్లెక్కడం, గుర్తుంచుకోవడం లేదా ఏకాగ్రత, సొంత పనులు చేసుకోవడం, మాట అర్థం చేసుకోవడం, చెప్పడం. ప్రతిదానికీ నాలుగు జవాబులు: ఇబ్బంది లేదు, కొంత ఉంది, చాలా ఉంది, అసలు చేయలేను. ఒక్కదానిలోనైనా "చాలా ఉంది" లేదా "చేయలేను" అంటే లెక్కలోకి తీసుకుంటారు. అవును, కాదు అనే ప్రశ్న వదిలేసి ఇది వాడినచోట అంకె పెరుగుతుంది.

కానీ ఇదీ అందరినీ పట్టుకోదు. మానసిక ఆరోగ్య సమస్యలున్నవాళ్లు ఈ ఆరు ప్రశ్నల్లో చాలావరకు జారిపోతారు, వాళ్ల కోసం ఆందోళన, కుంగుబాటు గురించి అడిగే విస్తృత ప్రశ్నావళి ఉంది. పిల్లలకు యూనిసెఫ్‌తో కలిసి చేసిన వేరే ప్రశ్నావళి ఉంది. చిన్నదాన్ని వాడి "వికలాంగులందరి పరిస్థితి" అని శీర్షిక పెట్టకండి.

దీనికన్నా నాకు ఎక్కువ బాధ కలిగించేది వేరే ఉంది. ఇళ్లకు వెళ్లి చేసే సర్వే ఇళ్లలో ఉన్నవాళ్లనే లెక్కిస్తుంది. సంరక్షణ కేంద్రాల్లో, మానసిక ఆసుపత్రుల్లో, జైళ్లలో, శరణార్థి శిబిరాల్లో, రోడ్డు పక్కన ఉన్నవాళ్లు శాంపిల్ జాబితాలోనే ఉండరు. హక్కులకు ఎక్కువ దెబ్బ తగిలే చోట్లే లెక్క నుంచి తప్పిపోతున్నాయి. ఇంట్లో ఉన్నా, వినపడని మనిషి తరఫున పక్కనున్న బంధువు జవాబు చెప్పేస్తే అది ఆ మనిషి జవాబు కాదు. "తరఫున చెప్పినవి" అని విడిగా గుర్తు పెట్టని డేటాసెట్‌లు ఎన్ని చూశానో. 2006 నాటి వికలాంగుల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం డేటా సేకరించమని ప్రభుత్వాలకు చెబుతుంది. సేకరించిన దాన్ని వికలాంగులకు అందుబాటులో ఉండేలా పంచాలని కూడా అదే అధికరణం చెబుతుంది. ఆ రెండో భాగం గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ. మా దగ్గరికి వచ్చి గంటలు గంటలు అడిగి వెళ్లినవాళ్లలో, నివేదిక వచ్చాక దాన్ని మేము చదవగలిగే రూపంలో పంపినవాళ్లు అరుదు.

తొలకరి

అడుగుజాడ గారూ, మీరు రాసింది మళ్లీ మళ్లీ చదివాను. "తరఫున చెప్పిన జవాబు" అన్న గడి నా పాత పనిలో ఎప్పుడూ అవసరపడలేదు. ఇకపై పెడతాను.

ఇంకో సందేహం. వర్గాలను ఒక్కోటిగా విడదీస్తే సరిపోతుందా? స్త్రీలు, పురుషులు అని ఒక పట్టిక, జాతుల వారీగా ఇంకొకటి?

న్యాయరేఖ

సరిపోదండీ. దీనికి మూలం ఒక కేసు. 1976లో అమెరికాలో డిగ్రాఫెన్‌రీడ్ వర్సెస్ జనరల్ మోటార్స్. ఉద్యోగాల కోతలో చివర చేరినవాళ్లను ముందు తీసేశారు. నల్లజాతి మహిళలను చేర్చుకోవడమే చాలా ఆలస్యంగా మొదలైంది కాబట్టి ఆ కోతకు వాళ్లు బలైపోయారు. కోర్టు ఏమందంటే, కంపెనీలో మహిళలున్నారు కాబట్టి లింగ వివక్ష లేదు. కానీ ఆ మహిళలు తెల్లజాతివారు. జాతి, లింగం రెండూ కలిపిన కొత్త వర్గాన్ని సృష్టించలేమని కూడా కోర్టు అంది. 1989లో అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్‌షా ఈ కేసు మీద రాస్తూనే, రెండు రకాల వివక్షలు కలిసే కూడలిలో నిలబడినవాళ్లు రెండు పట్టికల్లోనూ కనిపించకుండా పోతారని చూపించారు. రెండు పట్టికలు వేసి ఊరుకుంటే ఆ కోర్టు చేసిందే మనమూ చేసినట్టు.

తాళంచెవి

నేను డేటా భద్రత వైపు మనిషిని. విడదీసి చూడమని అందరూ అంటున్నారు, నేను ఒక చేయి అడ్డం పెడతాను.

నెదర్లాండ్స్‌లో రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జనాభా రిజిస్టర్లు ఎంతో శ్రద్ధగా ఉండేవి, మతం కూడా రాసేవారు. సేకరించినవాళ్లకు చెడు ఉద్దేశం లేదు. నాజీలు ఆక్రమించాక యూదులను వెతకడానికి అవే పనికొచ్చాయి. అక్కడి యూదుల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది హతమయ్యారు. 1943 మార్చిలో ప్రతిఘటన బృందం ప్రాణాలకు తెగించి ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్ట్రీ కార్యాలయం మీద దాడి చేసి నిప్పు పెట్టింది, కార్డులు తగలబెట్టడానికి. రువాండాలో వలస పాలకులు గుర్తింపు కార్డుల మీద జాతి ముద్రించారు. 1994లో రోడ్ల మీద కార్డు చూసి మనుషులను చంపారు.

ఈ భయంతోనే కొన్ని దేశాలు జాతి వివరాలు సేకరించడానికి వెనకాడతాయి. సేకరించకపోతే వివక్ష ఉందని చూపడానికి అంకె దొరకదు. రెండూ నిజమే. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయం 2018లో ఇచ్చిన మార్గదర్శకం ఈ చిక్కును దాచిపెట్టలేదు. వర్గాల వారీగా విడదీయమంటుంది, అదే చేత్తో గోప్యత కాపాడమంటుంది, ఎవరి గుర్తింపు వాళ్లే చెప్పుకోవాలంటుంది, ఆ వర్గాల భాగస్వామ్యం ఉండాలంటుంది. సర్వేకు వచ్చిన ఎన్యుమరేటర్ ఎదుటి మనిషి ముఖం చూసి మతమో జాతో రాసుకోవడం తప్పు. చెప్పడం ఇష్టం లేదు అనే గడి ఉండాలి.

పనిలో దీని అర్థం: పేర్లు, చిరునామాలు ఒక చోట, జవాబులు ఇంకో చోట, రెండిటినీ కలిపే తాళం మూడో మనిషి దగ్గర. అవసరం లేనిది అసలు అడగకండి. లేని ఫైలును ఎవరూ దొంగిలించలేరు, ఏ ప్రభుత్వమూ జప్తు చేయలేదు.

మౌనశ్రోత

నేను హింసకు గురైనవాళ్లతో ఇంటర్వ్యూలు చేస్తాను. తాళంచెవి గారు చెప్పిన దానికి ఇంటి లోపలి రూపం ఒకటుంది.

గృహహింస మీద సర్వే చేసేటప్పుడు ఒక ఇంట్లో ఒక్క మహిళనే అడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఇచ్చిన భద్రతా మార్గదర్శకాలు చెబుతాయి. ఇద్దరిని అడిగితే ప్రశ్నలేమిటో ఇంట్లో తెలిసిపోతుంది. ఆ రాత్రి దెబ్బలు తినేది జవాబు చెప్పినావిడే. అందుకే సర్వే పేరు కూడా బయటికి ఆరోగ్యం గురించి అన్నట్టు ఉంచుతారు. మధ్యలో ఎవరైనా గదిలోకి వస్తే మాట మార్చడానికి వేరే ప్రశ్నలు సిద్ధంగా పెట్టుకుంటారు. శాంపిల్ పరిమాణం కన్నా ఆవిడ భద్రత ముందు. ఇంటర్వ్యూ ఆపేయాల్సి వస్తే ఆపేయాలి, ఆ ఫారం ఖాళీగా పోయినా సరే.

ఇంకొకటి, చిన్న విషయంలా కనిపించేది. ఒకే మనిషి చేత ఒకే దారుణాన్ని నాలుగు సంస్థలు నాలుగుసార్లు చెప్పించకూడదు. వెళ్లే ముందు ఎవరైనా ఇప్పటికే నమోదు చేశారా, ఆ మనిషి అనుమతితో అది మనకు దొరుకుతుందా అని కనుక్కోండి. ఒకటికి రెండుసార్లు చెప్పినప్పుడు వివరాలు కొద్దిగా మారితే, అబద్ధం అనే ముద్ర పడేది కూడా వాళ్ల మీదే.

తొలకరి గారూ, మీరు టేబుల్ దగ్గరే కూర్చునే పనైనా సరే, ఇంటర్వ్యూ ప్రతులు చదవాల్సి వస్తుంది. కోడింగ్ (ప్రతుల్లోని విషయాలకు వర్గాల వారీగా గుర్తులు వేయడం) చేస్తూ రోజంతా చిత్రహింసల వివరణలు చదివినవాళ్లకు నిద్ర పట్టకపోవడం నేను దగ్గరగా చూశాను. సంస్థ దీనికి ఏం ఏర్పాటు చేసిందో అడగండి: పని వంతులవారీగా మారుస్తారా, మాట్లాడటానికి శిక్షణ ఉన్న మనిషి ఉన్నారా. అడగడానికి మొహమాటపడకండి, జీతం గురించి అడిగినంత మామూలుగా అడగండి.

సూటిమాట

ఒక గణాంకాల ప్రశ్న. యుద్ధంలో, అంతర్యుద్ధంలో ఎంతమంది చనిపోయారో ఎలా చెబుతారు? నమోదు కానివాళ్లను లెక్కించడం ఊహ కదా?

పాతలెక్కలు

ఊహ కాదండీ, కానీ అనిశ్చితి ఉంది, దాన్ని దాచకుండా చెప్పాలి.

రెండు సంస్థలు విడివిడిగా మృతుల జాబితాలు తయారు చేశాయనుకుందాం. ఒకదానిలో 300 మంది, ఇంకోదానిలో 200 మంది. రెండిటిలోనూ ఉన్నవాళ్లు 60 మంది. రెండో జాబితాలోని 200 మందిలో 60 మంది, అంటే 30 శాతం, మొదటి జాబితాకు దొరికారు. అంటే మొదటి జాబితా మొత్తంలో 30 శాతాన్ని పట్టుకుందనుకోవచ్చు, కాబట్టి మొత్తం సుమారు 1,000. జాబితాలు ఒకదానిమీద ఒకటి ఆధారపడకూడదు, అందరూ నమోదయ్యే అవకాశం ఒకేలా ఉండాలి. నిజ జీవితంలో ఈ రెండూ కుదరవు కాబట్టి మూడు, నాలుగు జాబితాలు తీసుకుని, ప్రాంతాల వారీగా విడదీసి గణాంక నమూనాలు (మోడళ్లు) కడతారు.

పెరూలో జరిగిన అంతర్గత సాయుధ సంఘర్షణలో ఎంతమంది చనిపోయారో అక్కడి సత్య, సయోధ్య కమిషన్ 2003లో ఇలాగే అంచనా వేసింది. కమిషన్‌కు చేరిన మరణాలు, అదృశ్యాలు సుమారు 24,000. అంచనా 69,280, దాని చుట్టూ విశ్వాస అవధి, అంటే అసలు సంఖ్య ఉండొచ్చని లెక్క చెప్పే పరిధి, 61,007 నుంచి 77,552 వరకు. బాధితుల్లో ఎక్కువమంది గ్రామాల్లోని కెచువా మాట్లాడే ప్రజలు. రాజధానిలో చాలామందికి ఆ మరణాల వాసన కూడా తగల్లేదు. తర్వాత 2019లో ఒక ఆర్థికవేత్త అదే డేటాతో వేరే పద్ధతిలో సుమారు 48,000 అన్నారు, మొదటి అంచనా వేసినవాళ్లు దానికి జవాబిచ్చారు. ఈ వివాదం నాకు సిగ్గుపడాల్సిన విషయంలా అనిపించదు. పద్ధతి బయటపెట్టారు కాబట్టే వివాదం సాధ్యమైంది. ఏ అంచనా తీసుకున్నా, నమోదైనవాళ్ల కన్నా చాలా ఎక్కువమంది చనిపోయారన్నది నిలబడింది.

సూటిమాట

ఇది బాగుంది. ఆ వ్యాసాలు చదువుతాను.

తొలకరి

ఇన్ని వివరాలు ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. చేరకముందే వాళ్లు ఒక నమూనా పట్టిక పంపి వ్యాఖ్య రాసుకురమ్మన్నారు. అందులో జాతి, లింగం, వైకల్యం మూడూ కలిపి విడదీశారు. కొన్ని గడుల్లో ఇద్దరు, ముగ్గురే ఉన్నారు. న్యాయరేఖ గారు చెప్పినట్టు ఆ కలయికలోనే అసలు విషయం ఉంది. తాళంచెవి గారు చెప్పినట్టు ఆ గడులు ప్రచురిస్తే మనుషులు దొరికిపోతారు. ఏం రాయాలి?

హారంలవం

మొదట, ముగ్గురిలో ఇద్దరు తిరస్కరణకు గురైతే "67 శాతం" అని రాయకండి. అంత చిన్న సంఖ్యకు శాతం వేస్తే విశ్వాస అవధి సుమారు పది నుంచి దాదాపు నూరు దాకా సాగుతుంది. కొన్నేళ్ల డేటా కలపగలరేమో చూడండి. వర్గాలను కలపాల్సి వస్తే ఏ పోలిక ఉందని కలిపారో చెప్పండి. "ఇతరులు" అనే గంపలో పడేయడం చివరి మార్గం. అందులో పడ్డవాళ్లకు ఒకరితో ఒకరికి ఏ సంబంధమూ ఉండదు.

అడుగుజాడ

కలపడానికి ముందు ఆ వర్గాల సంఘాలను అడగమనండి. ఏది దేనితో కలపవచ్చో వాళ్లు వెంటనే చెప్పేస్తారు. అంకె సరిపోనిచోట ఆ వర్గం వాళ్లతో లోతైన ఇంటర్వ్యూలు చేయాలని సిఫార్సు రాయండి. "సంఖ్య తక్కువ కాబట్టి విశ్లేషించలేదు" అన్న వాక్యంతో మా అధ్యాయం ముగిసిపోవడం చాలాసార్లు చూశాను. ఆ వాక్యం తర్వాత ఇంకో పేరా ఉండాలి, వచ్చే విడతలో శాంపిల్ ఎలా పెంచుతారో చెబుతూ.

న్యాయరేఖ

నేనూ ఒకటి కలుపుతాను. వ్యాఖ్యలో ఫలితాల దగ్గరే ఆగకుండా, చట్టం ఉందా, దాన్ని అమలు చేయడానికి యంత్రాంగం, నిధులు ఉన్నాయా, చివరికి మనుషుల బతుకుల్లో ఏం మారింది అనే మూడు మెట్లనూ తాకండి. హైకమిషనర్ కార్యాలయం 2012లో ప్రచురించిన సూచికల పుస్తకంలో ఈ పద్ధతే ఉంది. మీ పట్టిక మూడో మెట్టు గురించే చెబుతోంది. మొదటి రెండూ తెలియకపోతే ఎవరిని ఏం చేయమని అడగాలో తేలదు.

తాళంచెవి

ఆ చిన్న గడులు దాచేటప్పుడు ఒకటి చూసుకోండి. ఒక గడిని చుక్కలతో మూసేసి, వరుస మొత్తం, మిగతా గడులు అలాగే ఉంచితే, తీసివేత చేసి ఆ అంకెను ఎవరైనా కనుక్కోవచ్చు. కాబట్టి అదే వరుసలో ఇంకో గడిని, నిలువు వరుసల్లోనూ తగినన్ని గడులను మూయాలి. పోయిన ఏడాది నివేదికలో అదే పట్టిక ఉంటే దాన్నీ పక్కన పెట్టుకుని చూడండి, రెండు ఏళ్ల తేడాతో కూడా మనిషి బయటపడతాడు. ఎంతకన్నా తక్కువుంటే మూయాలి అన్న హద్దు ఆ సంస్థకు రాతలో ఉండాలి. కొన్ని చోట్ల 5, కొన్ని చోట్ల 10. పట్టిక పంపినవాళ్లను ఆ హద్దు ఎంతని అడుగుతూ ఈరోజే మెయిల్ రాయండి.